రెండు వేళ్ల వదులు

చిక్కడపల్లి,
7 జూలై 2025

బిడ్డా రచనా,

ఆశీర్వాదాలు మొదటి వాక్యంలోనే ఇచ్చేస్తున్నాను, తీసుకో. ఆ తర్వాత రాసేవన్నీ తిట్లే. వాటి మధ్య ఆశీర్వాదం ఎక్కడ ఇరికించాలో నాకు తెలియదు.

ఆ బ్యాడ్మింటన్ క్యాంపులో ఫోన్లు గుంజుకుంటారని నువ్వు చెబితే ముందు నమ్మలేదు. ఆదివారం ఒక్క ఫోను, అదీ మీ అమ్మకు. మేనమామ లెక్కలోకి రాడన్నమాట. సరే, ఈ వయసులో మళ్లీ పెన్ను పట్టుకున్నాను. నీ చైర్‌కు స్పేరు ట్యూబులు, బెల్టులు ఎలాగూ పుణె బస్సులో పార్శిల్ వేయాలి కదా, ఉత్తరం కూడా అందులోనే పెట్టాను. నువ్వూ జవాబు ఆ బస్సు వాళ్ల చేతికే ఇవ్వు.

నిన్న నారాయణగూడలో ఒక ఫంక్షన్ హాల్లో గోవర్ధన్ ట్రస్టు వాళ్లు వికలాంగులకు ఆటల చైర్లు పంచారు. గోవర్ధన్ గుర్తున్నాడా? అశోక్‌నగర్‌లో హాస్టళ్లు నడుపుతాడు. నువ్వు గ్రూప్స్ చదవడానికి వచ్చిన కొత్తలో లిఫ్ట్ ఉందని చెప్పి మూడో అంతస్తులో గది ఇస్తానన్నవాడు. పోయి చూస్తే లిఫ్ట్‌లో మంచినీళ్ల క్యాన్లు పేర్చి ఉన్నాయి. ఆ మహానుభావుడే ఇప్పుడు క్రీడలను ఉద్ధరిస్తున్నాడు. ఆసుపత్రి వీల్‌చైర్లకు నీలం రంగు పూయించి, వెనక పిడులు కోయించి, ట్రస్టు పేరు పెద్దగా రాయించాడు. అన్నీ ఒకటే సైజు. ఈనుపుల్ల లాంటి పిల్లవాడికీ అదే, నాలాంటి బొజ్జ మనిషికీ అదే. ఉండబట్టలేక గోవర్ధన్‌నే అడిగాను.

"ఏందన్నా, అందరికి ఒకటే సైజా?"

"ఫ్రీగ ఇచ్చేదానికి సైజేంది ఉమాకాంతన్నా? కూసుంటే సాలదా?"

ఆటల చైర్ కూర్చునేది కాదురా బాబూ, వేసుకునేది! కాలికి బూటు వేసుకున్నట్టు ఒంటికి వేసుకోవాలి. ఈ ముక్క చెబుదామని నోరు తెరిచేలోపు వాడు ఫొటోకు పోయాడు. బిర్యానీ ముట్టకుండా వచ్చేశాను. మీ అత్త ఈ మాట ఇప్పటికీ నమ్మడం లేదు.

ఇంతకాలం జిమ్ములకు బెంచీలు వెల్డింగ్ చేసుకుంటూ బతికినవాణ్ణి, నీ బ్యాడ్మింటన్ పుణ్యమా అని ఈ పనిలో పడ్డాను. నీ చైర్ నువ్వు బస్సెక్కే ముందురోజు గాని పూర్తి కాలేదు. గల్లీలో ఒక్క చుట్టు తిరిగి బాగుందన్నావు. ఇప్పుడు కోర్టులో ఎట్లా ఉంది? మీ కోచ్ మేడం ఏమంటున్నది? మొహమాటపడకుండా నిజం రాయి.

నీ మామ,
ఉమాకాంత్


పుణె,
13 జూలై 2025

మామా,

దండాలు. నీ పార్శిల్ అందింది. అందులో నీ ఉత్తరం కంటే అత్త పెట్టిన పచ్చడి డబ్బానే ముందు దొరికింది, ఏమనుకోకు.

చైర్ బాగుంది. అందరూ మెచ్చుకున్నారు. కోచ్ మేడం నీ వెల్డింగ్ మీద వేలు పెట్టి తడిమి చూసి, ఎవరు చేశారని అడిగింది. మా మామ అని చెప్పాను. కొత్త కదా, కొంచెం అలవాటు కావాలి, అంతే.

ఇక్కడ నాకు రోత పుట్టిస్తున్నది చైర్ కాదు, చుట్టాలు. మా చుట్టాలు కాదు, ఎవరెవరో. ఆదివారం వచ్చిందంటే మమ్మల్ని చూడటానికి బయలుదేరతారు. పిల్లలను వెంటబెట్టుకొచ్చి మా ముందు నిలబెడతారు. "చూడు, వీళ్లను చూసి నేర్చుకో, హోంవర్క్ చేయడానికి ఏడుస్తావు" అంటారు. నేను చెమటతో కంపు కొడుతూ నీళ్లు తాగుతుంటాను, నన్ను చూసి వాడేం నేర్చుకోవాలి? ఇవాళ ఇక్కడ స్థిరపడిన మన తెలుగావిడ ఒకామె కళ్లు తుడుచుకుంటూ "మిమ్మల్ని చూస్తే మాకు ధైర్యం వస్తుందమ్మా" అన్నది. నా గదిలో ఉండే సమ్మక్క ములుగు పిల్ల, ఒక కాలు మోకాలి పైదాకా లేదు. ఏమాత్రం తడుముకోలేదు.

"మరి మాకు ధైర్యం రావాల్నంటే మేమెవల్ని సూడాలె అక్కా?"

ఆవిడ పర్సు సర్దుకుని వెళ్లిపోయింది. మేమిద్దరం దుప్పటి కప్పుకుని నవ్వాం.

జట్టు ఎంపిక ఆగస్టు మూడో వారంలో. నా విభాగంలో ఇద్దరికే చోటు. ఇందులో రాకపోతే అమ్మ నన్ను మళ్లీ అశోక్‌నగర్ లైబ్రరీలో కూర్చోబెడుతుంది. గ్రూప్స్ పుస్తకాలు అమ్మేయకుండా దాచింది, నాకు తెలుసు.

అత్తను అడిగానని చెప్పు.

నీ కోడలు,
రచన


చిక్కడపల్లి,
19 జూలై 2025

రచనా,

"బిడ్డా" అని రాయబోయి ఆగాను. కారణం చదువు.

నిన్న కవాడిగూడలో పని చూసుకుని అశోక్‌నగర్ మీదుగా వస్తున్నాను. ఆ చౌరస్తా సంగతి నీకు తెలియంది కాదు. కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీలు, ర్యాంకులు వచ్చిన పిల్లల మొహాలు, వర్షానికి తడిసి గోడలకు అంటుకుని ఉంటాయి. వాటి మధ్యన నీ మొహం! ఆరడుగుల ఎత్తు. పక్కన చేతులు కట్టుకుని గోవర్ధన్. కింద "మా ట్రస్టు చైర్, మన తెలంగాణ బిడ్డ" అని అక్షరాలు. నువ్వు కూర్చున్నది ఆ నీలం డొక్కు చైర్‌లో. పైగా నవ్వుతున్నావు.

బండి ఆపి చూశాను. నమ్మబుద్ధి కాలేదు. మిర్చీ బజ్జీల బండాయన నన్ను చూసి "మీ మేనకోడలేనా సార్? మంచిగున్నది" అన్నాడు. నా మొహం మండిపోయింది.

నాకు రాసిందేమో మామ చైర్ బాగుందని, ఊరందరికీ చూపించేదేమో ఇదీ. ఆ చైర్ గురించి నేను రాసిన ఉత్తరం నీ చేతిలో ఉండగానే అందులో ఎక్కావంటే ఏమనుకోవాలి? నచ్చకపోతే నచ్చలేదని చెప్పు, నేనేం ఉరేసుకోను. నా షెడ్డులో జిమ్ము బెంచీలు ఉండనే ఉన్నాయి. కానీ ఈ రెండు నాల్కలు నాకు అసహ్యం. గోవర్ధన్‌కు ఉన్నది ఆ జబ్బే, నీకు ఎక్కడ అంటింది?

మీ అత్తకు ఫొటో తీసి చూపిస్తే, "పిల్ల ఎంత మంచిగ నవ్వింది సూడు" అన్నది. ఈ ఇంట్లో నా బాధ ఎవరికీ పట్టదు.

బెల్టు బకిల్ ఒకటి ఎక్కువ పెట్టాను. వాడుకుంటే వాడుకో.

ఉమాకాంత్


పుణె,
26 జూలై 2025

మామా,

ఫ్లెక్సీని నమ్మావు. నన్ను నమ్మలేదు. సంతోషం.

మొదటిరోజు మా ఫోన్లు తీసుకుని, మమ్మల్ని వరసలో పెట్టి, ట్రస్టు వాళ్లు పంపిన చైర్లలో తలా ఒక నిమిషం కూర్చోబెట్టి ఫొటోలు తీశారు. మాలో ఎవరినీ అడగలేదు. కెమెరా ఉన్నతను నవ్వమంటే నవ్వాను. నీ ఉత్తరం రాకముందే జరిగిపోయింది. అది అశోక్‌నగర్ చౌరస్తాకు ఎక్కుతుందని నాకేం తెలుసు? నా మొహాన్ని గోవర్ధన్ వాడుకున్నందుకు రావలసిన కోపం కూడా నీ ఉత్తరం చదివాక నీ మీదికే మళ్లింది.

ఇక నిజం రాయమన్నావు కదా, రాస్తున్నాను. నీ చైర్ బాగుందని రాసింది అబద్ధం. నువ్వు అడిగిన తీరు అట్లా ఉంది. రాత్రింబవళ్లు షెడ్డులో కూర్చుని చేసినవాడికి బాగాలేదని మొదటి ఉత్తరంలోనే ఎట్లా రాయను?

చైర్ వదులుగా ఉంది మామా. షటిల్ కోసం నేను నడుము తిప్పుతాను, చైర్ తర్వాతెప్పుడో కదులుతుంది. ఈలోపు షటిల్ నేల మీద ఉంటుంది. బెల్టు ఎంత బిగించినా లోపల నేను అటూ ఇటూ కొట్టుకుంటున్నాను. ఆ బస్సు బోల్తాపడ్డప్పటి నుంచీ నడుము కింద నాకు స్పర్శ లేదని నీకు తెలుసు. అక్కడ ఒరుసుకుపోతున్నా నాకు తెలియలేదు. సమ్మక్క చూసింది. "ఏందే, ప్యాంటుకు గా నెత్తురేంది?" అని అరిచేదాకా నేను హాయిగా పాట పాడుకుంటున్నాను. నా ఒళ్లు చీరుకుపోయిందని నాకు ఇంకొకరు చెప్పాలి. నాకు నా మీదే అసహ్యం వేసింది.

డాక్టరు కట్టు కట్టాడు. పుండు మానేదాకా చైర్ ఎక్కొద్దన్నాడు. మానినాక మళ్లీ పగిలితే నేరుగా ఇంటికే. సరైన చైర్ తెప్పించుకో, లేకపోతే ట్రస్టు చైర్‌లో స్పంజులు కుక్కుకుని ఆడు అన్నది కోచ్ మేడం.

ఇప్పుడు చెప్పు, ఎవరివి రెండు నాల్కలు?

రచన


చిక్కడపల్లి,
1 ఆగస్టు 2025

బిడ్డా,

నీ ఉత్తరం చదివి మీ అత్త ఏడ్చింది. నేను ఏడవలేదు, గోవర్ధన్ దగ్గరికి పోయాను.

"నా కోడలి ఫొటో చౌరస్తాలకెల్లి తీసెయ్" అన్నాను.

"ఎందుకన్నా, పిల్లకు పేరొస్తది గద!"

"పేరు దాని ఆటతోని వస్తది. నువ్వు తియ్యకుంటె నేను చింపుత."

"గట్ల పరేషాన్ గాకన్నా, చాయ్ తాగు."

ఆ చాయ్ నా గొంతు దిగుతుందా? నిచ్చెన తెప్పించి నేనే ఎక్కి తీగలు కోశాను. ఇంటికి తెచ్చి చీలికలు పేలికలు చేశాను, నీ మొహం ఒక్కటీ వదిలేసి. దాన్ని చింపడానికి చేతులు రాలేదు. నిన్ను అనరాని మాటలు అన్నాను. ఆ ఉత్తరం ఇంకా నీ దగ్గర ఉంటే చించి పారెయ్.

ఇక చైర్ సంగతి. వదులుగా ఉండే ప్రశ్నే లేదు బిడ్డా. మీ అత్త నిన్ను కొలిచి చెప్పిన కొలతకే పైపులు కోశాను, వెంట్రుకవాసి తేడా రానివ్వలేదు. రాత్రి మళ్లీ కాగితం ముందర పెట్టుకుని చూశాను. చైర్ సరిగ్గానే ఉంది. అంటే నువ్వే సన్నబడ్డావు. ఆ క్యాంపులో పెట్టే చప్పిడి తిండికి సన్నబడక ఏమవుతావు? మీ అత్త కూడా అదే అన్నది. అందుకని పొద్దున్నే లేచి నువ్వుల లడ్డూలు చేసింది, గరిజెలు వత్తింది, నెయ్యి కాచింది. అన్నీ పార్శిల్‌లో ఉన్నాయి. ఎంపికకు ఇంకా టైమున్నది. రెండు పూటలా నెయ్యి వేసుకుని తిను. చైర్ నిండుతుంది.

నీ మామ,
ఉమాకాంత్


పుణె,
6 ఆగస్టు 2025

మామా,

లడ్డూలు సమ్మక్క తిన్నది. గరిజెలు డాక్టరు తిన్నాడు. నెయ్యి కోచ్ మేడం పట్టుకుపోయింది. నాకు మాత్రం ఒక్కటీ గొంతు దిగలేదు.

చైర్‌కు సరిపోయేటట్టు మనిషిని మేపుతారా ఎక్కడైనా? బూటు వదులైతే కాలు పెంచుకోమంటావా? ఆటల చైర్ వేసుకునేదని గోవర్ధన్‌కు చెప్పబోయిన పెద్దమనిషివి నువ్వేనా?

నేను సన్నబడలేదు. వచ్చిన రోజు బరువు ఎంతో ఇవాళా అంతే, ఇక్కడ వారం వారం తూస్తారు. తప్పు కొలతలో ఉంది. నన్ను కొలిచిన రోజు గుర్తు చేసుకో. నువ్వు వరండాలో గోడవైపు తిరిగి నిలబడ్డావు. అత్త లోపలి గదిలో జాకెట్లు కొలిచే టేపు పట్టుకుని నన్ను చేతులెత్తమన్నది. నువ్వు బయటినుంచి "అయిందా?" అని కేక వేశావు. అత్త "అయింది" అన్నది. అత్త రాసిచ్చింది, నువ్వు కోశావు. నేను ఆ గదిలోనే ఉన్నాను మామా! నాకు నోరుంది. నడుము దగ్గర బిగుతుగా ఉండాలని, ఒరుసుకోకూడదని నాకు తెలుసు. నన్ను అడిగిందెవరు?

ఉచితంగా ఇస్తున్నాడు కాబట్టి గోవర్ధన్ అడగలేదు. ప్రేమ ఉంది కాబట్టి మీరు అడగలేదు. పుండు మాత్రం నాకే పడింది. నాకిప్పుడు ఆ ఉచితమూ ఈ ప్రేమా ఒకే తీరుగా రోతగా ఉన్నాయి. ఈ మాట రాయొద్దనుకున్నాను, రాశాను. కొట్టేయను.

అత్తను అడుగు, ఆరోజు ఎంత కొలిచింది, ఎంత రాసింది.

ఇక్కడ సమ్మక్క నన్ను కొలిచింది. బట్ట మీద కాదు, ఒంటి మీద. తుంటి కొలత, తొడ కొలత, వీపు దగ్గర ఎంత ఎత్తు రావాలో అన్నీ వెనక కాగితంలో ఉన్నాయి. నీ చైర్ ఇటు రెండు వేళ్లు, అటు రెండు వేళ్లు ఎక్కువగా ఉంది. ఆ కాగితంలో ఉన్నట్టే చెయ్యి. చేయలేనంటే చెప్పు, నీలం దాంట్లో స్పంజులు కుక్కుకుంటాను.

రచన


చిక్కడపల్లి,
11 ఆగస్టు 2025

బిడ్డా,

మీ అత్తను అడిగాను. మిషన్ మీద ఎవరిదో జాకెట్ కుడుతున్నది.

"ఆనాడు పిల్లను ఎంత కొలిచినవ్?"

"ఉన్నంత కొలిచిన. ఇటు రెండు వేళ్లు, అటు రెండు వేళ్లు లూజు విడిచి రాసిన."

"ఎందుకు విడిచినవ్?"

"రేపు పిల్ల లావైతె? కుట్లిప్పుకునేతందుకు బట్ట విడువొద్దా?"

"అది జాకెట్ కాదే! ఇనుము!"

"అల్యూమినియం అన్నవ్ గద?"

నా తలకాయ గోడకేసి కొట్టుకోవాలనిపించింది. కాసేపటికి విషయం అర్థమై ఆమె మిషన్ ఆపేసింది. ఇంతవరకూ మళ్లీ తొక్కలేదు. ఆమె తప్పేముంది చెప్పు? ముప్పై ఏళ్లుగా చిక్కడపల్లి ఆడవాళ్లు ఆమె విడిచిన బట్ట వల్లే పెళ్లినాటి జాకెట్లు ఇప్పటికీ వేసుకుంటున్నారు. కొలవమన్నాను గాని ఎందుకు కొలవాలో ఆమెకు నేను చెప్పలేదు.

ఎదిగిన మేనకోడలి నడుము చుట్టూ టేపు వేయడం నాకు చేతకాదు బిడ్డా. మా ఇళ్లల్లో అట్లా పెరగలేదు. కానీ గోడవైపు తిరిగి కూడా అడగొచ్చు కదా, నోటికేం రోగం? నీ ఉత్తరంలో గోవర్ధన్ పక్కన నన్ను నిలబెట్టావు. చదివి మండిపోయాను. షెడ్డుకు పోయి షట్టర్ దించి కూర్చున్నాను. ఎంత ఆలోచించినా నన్ను అక్కణ్నుంచి పక్కకు జరపడానికి ఒక్క కారణం దొరకలేదు. వాడిని చూస్తే పుట్టే రోత నన్ను చూసుకుంటే కూడా పుట్టింది.

సీటు ఫ్రేము కొత్తది చేశాను. పాతది నాలుగు బోల్టులు విప్పితే వస్తుంది, ఇది అదే చోట కూర్చుంటుంది. పానా కూడా పెట్టాను. ఒక్క సంగతి చెప్పాలి. పైపు మీద గుర్తు పెట్టి, రంపం ఆనించినాక నా చెయ్యి కాస్త అవతలికి జరిగింది. ఇంత బిగుతైతే పిల్లకు నొస్తదేమో అని. అన్నీ తెలిసి కూడా! సిగ్గుపడి, నీ కాగితం ఎదురుగా గోడకు అంటించుకుని, నువ్వు చెప్పిన గీత మీదే కోశాను. మళ్లీ మళ్లీ కొలిచాను. ఇందులో నా ప్రేమ ఎక్కడా లేదు, వెతుక్కోకు.

ఊపిరి ఆడుతదా అని మీ అత్త అడగమన్నది. అడిగాను.

నీ మామ,
ఉమాకాంత్


పుణె,
22 ఆగస్టు 2025

మామా,

ఊపిరి ఆడుతోందని అత్తకు చెప్పు. మిషన్ తొక్కమని కూడా చెప్పు.

నీ ఫ్రేము వచ్చేనాటికి పుండు మానింది. బోల్టులు సమ్మక్కా నేనూ కలిసి బిగించాం. అందులోకి దిగడానికి కొంచెం కష్టపడ్డాను, కొత్త బూటులోకి మడమ దించినట్టు. కోర్టులోకి పోయి నడుము తిప్పాను. చైర్ తిరిగింది. తర్వాత కాదు మామా, అప్పుడే. ఇంకోసారి తిప్పాను, ఇంకోసారి. షటిల్ లేకుండానే పిచ్చిదానిలా అట్లా తిరుగుతుంటే కోచ్ మేడం విజిల్ వేసి ఆపింది. రోజూ సాయంత్రం సమ్మక్క నన్ను బోర్లా పడుకోబెట్టి చూస్తున్నది. ఎక్కడా ఎర్రబడలేదు.

ఎంపికలు మొన్న అయిపోయాయి. జట్టులో నా పేరు లేదు.

రెండో చోటుకు నాకూ ఒడిశా అమ్మాయికీ ఆట పడింది. చెరొక గేము గెలిచాం. మూడో దాంట్లో చివరిదాకా సమానంగా వచ్చాం. ఆమె షటిల్‌ను నా వెనక మూలకు ఎత్తి కొట్టింది. నీ పాత చైర్‌లోనైతే దాన్ని చూస్తూ ఊరుకునేదాన్ని. ఇప్పుడు వెనక చిన్న చక్రం మీదికి వాలిపోయి అందుకున్నాను. అందుకోవడమే కాదు, ఎక్కడ కొట్టాలా అని ఆలోచించుకునేంత సమయం దొరికింది. ఆలోచించాను. తప్పుగా ఆలోచించాను. మెల్లగా ముందు వేద్దామని పోయి నెట్‌కు కొట్టాను. అయిపోయింది.

చూడటానికి వచ్చినవాళ్లలో ఒకాయన దగ్గరికొచ్చి, ఈ మాత్రం ఆడటమే గొప్ప తల్లీ, నీలాంటి పిల్లకు గెలుపోటములేమిటి అన్నాడు. గొప్పేం కాదండీ, చెత్త షాట్ కొట్టాను అని చెప్పాను. ఆయన దాన్ని కూడా నా గొప్పతనం కిందే వేసుకుని నా తల నిమిరి వెళ్లాడు. థూ!

రాత్రంతా ఏడ్చాను. సమ్మక్క జట్టులోకి వచ్చింది, ఆ సంతోషం కూడా పూర్తిగా పడనీయలేదు పాపం దాన్ని.

నువ్విది చదవగానే షెడ్డుకు పరుగెత్తి, ఎక్కడ తప్పు చేశానా అని ఆ కొలతల కాగితం మళ్లీ తీస్తావని నాకు తెలుసు. తీయకు. కాళ్లు పోయినప్పటి నుంచీ నేను ఓడిన ప్రతిచోటా ఇంకేదో ఓడించింది. మెట్లు ఓడించాయి, లిఫ్ట్ ఓడించింది, వదులు చైర్ ఓడించింది. నా ఓటమి కూడా నాకు దక్కలేదు. మొన్న ఓడిపోయింది నేను మామా. పూర్తిగా నేనే. నా చెయ్యి, నా తెలివితక్కువతనం. ఇంత కడుపుమంటగా ఎప్పుడూ లేదు, ఎవరిమీదికీ తోసేయడానికి లేదు.

తర్వాతి ఎంపిక డిసెంబరులో. చైర్‌ను ముట్టుకోకు. దాని పని అది సరిగ్గానే చేసింది. ఆ చిన్న షాట్ బాగుచేసుకోవడం నా పని. దానికి నీ షెడ్డులో పనిముట్లు లేవు.

నీ కోడలు,
రచన